ఆఖరి గుండ్రం

మా అంగట్లో సింహాలుండాయి, మూడు రకాలు.
లేసే పొద్దు, మండే కాగడా,
మీసం పక్కన పెట్టేదానికి పులి పంజా.
పదకొండేండ్లుగా ఆదోని బజార్లో
పుట్టినరోజు పెద్దమనుషుల్ని
ఆరడుగులకు సాగదీసి అమ్ముతుండా.

ఆ పొద్దు బుధవారం. కరెంటు పోయింది.
ముగ్గురొచ్చినారు, చప్పట్లు కొట్టకుండా.
ముందు నిలబడిన హుళిగెమ్మ
కొంగుముడి విప్పి నాలుగు ఫోటోలు
కీబోర్డు మీద పరిచింది, పేకముక్కల్లా.
"ఫ్లెక్సు గావాల సామీ. మా పెద్దోళ్ళది.
ఓట్లకు గాదు, చందాలకు గాదు.
ఊరికే. గుర్తుకు."

మొదటిది ఓటరు కార్డులోది. ఉరుకుందమ్మ.
కార్డు మీద ఉరుకుందప్ప.
పురుషుడు అనే కాడ
గోరుతో గీకినట్టు తెల్లగా పోయుండాది.
తాలూకాఫీసు మెట్ల మీద పందొమ్మిది దినాలు
పొయ్యి పెట్టి, అన్నమొండి,
గుమాస్తాలకు గూడా వడ్డించి
పన్నెండు మందికి రేషన్ కార్డులు తెచ్చిన మనిషి.
పదమూడోది ఆమెది.
అది వచ్చేసరికి
ఆ బియ్యం వండుకునే చెయ్యి లేదు.

రెండోది నాటకం సెట్టు. ఖాజావలి, రాణి వేషం.
రాజు ఎవడో వెనక చీకట్లో ఉండాడు.
ఈయప్ప రాగం ఎత్తుకుంటే
ఎమ్మిగనూరు దారిలో పత్తిబండ్లు నిలబడేవంట.
తెల్లారినాక ఊరిది ఒకటే మాట:
"రంగు కడిగితివి గదా, ఇంగ మొగోనిలా ఉండు."
"కడిగితే పోయేది రాజు గీసుకున్న మీసం,
నాది గాదు" అనేవాడంట.

మూడోదాంట్లో ఇద్దరు. మిల్లు గేటు, ఒకటే గొడుగు.
సుంకులమ్మ, దస్తగిరమ్మ.
ముప్పై ఒక్క ఏండ్లు ఒకే గది, ఒకే క్యారియరు.
వదినా మరదండ్లని ఓనరు రాసుకునె.
అక్కాచెల్లెండ్లని వీధి అనుకునె.
వాళ్ళేమీ రాసుకోలేదు.
రాత్రి షిఫ్టుకు లైటు గావాల,
దొడ్డికి తలుపు గావాల అని సమ్మె కట్టినప్పుడు
ఒకరి వేలిముద్ర మీద ఒకరు వేసినారు.
ఏది ఎవరిదో కోర్టు గూడా విడదీయలేకపోయింది.

నాలుగోది నీళ్ళల్లో నాని మొగమే లేదు.
"ఎవరిది?"
"వీళ్ళకంటే ముందోళ్ళు. పేర్లు తెల్దు. పెట్టు సామీ."

సింహాన్ని తెచ్చి ఖాజావలి పక్కన పెడితే
సింహమే సిగ్గుపడినట్టుండాది. తీసేస్తి.
వెనక నల్లరేగడి రంగు పోస్తి.
పైన ఏం బిరుదు రాయాలంటే
హుళిగెమ్మ చాలాసేపు ఆలోచన చేసి
"పేర్లు చాలు. తప్పుల్లేకుండా రాయి" అనె.

కింద వరసలో గుండ్రాలుంటాయి గదా,
అభిమానుల మొగాలకు. ఏడు.
ముగ్గురివి వీళ్ళవే.
అంగన్‌వాడీ టీచరుది ఒకటి, మిల్లు వాచ్‌మన్‌ది ఒకటి,
ఆటో అల్లాబకాషుది, నల్లద్దాలతో.
"ఏడోది?" అంటి.
హుళిగెమ్మ నా మొగం పక్క చూసె.
శానా సేపు చూసె.
"నీ ఇష్టం సామీ" అని అడ్వాన్సు లెక్కపెట్టి పోయె.

రాత్రి షట్టరు దించి
నా ఫోటో పెడ్తి. తీస్తి.
మళ్ళీ పెడ్తి.
ఫోను మోగె. తెర మీద
'ఇంకు సప్లయరు, బళ్ళారి.'
ఇంకు అయితే ఆయప్ప ఎన్నడూ అమ్మలేదు.
ఎనిమిదేండ్లుగా ఆ పేరు కింద దాచిపెట్టుకుండా.
గుండ్రం ఖాళీగానే ప్రింటుకు పంపిస్తి.

మూడోనాడు మున్సిపాలిటీ వాళ్ళొచ్చి పీకేసినారు.
రూలు ప్రకారం సర్కిలంతా పీకాల.
అదొక్కటే పీకినారు.

వానల్లో మిల్లు కాలనీ తట్టు పోతే
ఒక గుడిసె పైన అదే ఫ్లెక్సు.
బొమ్మలు లోపలికి తిప్పి కట్టినారు.
కింద ఊయల్లో పసిబిడ్డ
ఉరుకుందమ్మను రెప్పెయ్యకుండా చూస్తాంది.
గాలికి కప్పు ఊగితే ఖాజావలి కనుబొమ్మ ఎగరేస్తాడు.
మొగం లేనోళ్ళ కాడ బల్లి.
సరిగ్గా గొడుగు బొమ్మ కాడనే చిల్లి పడి
చుక్క చుక్క కారతాంది.

ఆ ఖాళీ గుండ్రంలో
బిడ్డ తల్లి తన బొట్టుబిళ్ళలు అంటించుకునింది.
"ఇది ఎవురిది నాయనా, మొగం లేదే?"
"ఇంగా రాలేదక్కా" అంటి.
ఆమె సరేనని తలూపి
గొడుగు కింద ఇంకో గిన్నె పెట్టె.